చోటు లేదు

ఫోన్ మోగిందంటే ఏదో పాడైందన్నమాట. నా ఉద్యోగం అలాంటిది. హైదరాబాదులో ఒక కంపెనీకి సర్వర్లు చూసుకుంటాను. అన్నీ లైనక్స్ మీద నడిచేవే. అవి బాగున్నంత కాలం నన్నెవరూ తలుచుకోరు. అర్ధరాత్రి ఏ డిస్కో నిండిపోతే, ఏ సర్వీసో పడిపోతే అప్పుడు మోగుతుంది ఫోన్. ఎత్తగానే "హలో" అనడం కూడా ఎప్పుడో మానేశాను. "ఏమైంది?" అంటాను.

మా నాన్నకి లైనక్స్ అంటగట్టింది నేనే. ఆయన రేపల్లెలో ఒక్కడే ఉంటాడు. ఆర్టీసీ డిపో స్టోర్స్‌లో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసి 2015లో రిటైరయ్యాడు. అమ్మ పోయి నాలుగేళ్ళు. ముందుగదిలో కిటికీ పక్కన 2016లో కొన్న కంప్యూటర్ ఒకటుంది. దాంట్లో ఘంటసాల పాటలు వింటాడు, పేపర్ చదువుతాడు, పెన్షనర్ల సంఘం వాళ్ళకి అర్జీలు టైపు చేసిపెడతాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోతుందని ఎక్కడో చదివి నాకు ఫోన్ చేశాడు. విండోస్ 11 ఆ మిషన్‌కి ఎక్కదు. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసరన్నా ఉండాలంటుంది, టీపీఎం 2.0 ఉండాలంటుంది. నాన్నది ఆరో తరం.

"కొత్తది కొనేద్దాంలే" అన్నాను.

"బాడీ బాగుంది, ఇంజను బాగుంది. స్పేర్లు రావడం ఆగిపోయిందని బాగున్న బండిని కండెమ్ చేస్తామా?" అన్నాడు.

అందుకని దీపావళికి వెళ్ళినప్పుడు పాత హార్డ్ డిస్క్ పీకేసి, ఎస్ఎస్‌డీ బిగించి, లైనక్స్ ఎక్కించాను. అందులో వంద రకాలున్నాయి. కొత్తవాళ్ళకి సులువుగా ఉంటుందని అందరూ చెప్పేదొకటి ఎంచుకున్నాను. బటన్ నొక్కిన ఇరవై సెకన్లకల్లా తెర మీద బొమ్మ వచ్చేసింది. పాత డిస్కు మీద మూడు నిమిషాలు పట్టేది, ఈలోపు ఆయన కాఫీ పెట్టుకునేవాడు. నాన్న నమ్మక, ఆపించి, మళ్ళీ ఆన్ చేయించి, గోడగడియారం చూస్తూ లెక్కపెట్టాడు. "ఇరవై" అన్నాడు, స్టాకు సరిచూసి సంతకం పెట్టినట్టు.

"ఎంతైంది దీనికి?"

"ఎస్ఎస్‌డీకి తప్ప దేనికీ డబ్బుల్లేవు. ఇది ఉచితం నాన్నా."

"ఊరికే ఇచ్చేదెవడ్రా?"

చెప్పాను. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు సరదాకి మొదలుపెట్టాడనీ, దేశదేశాల వాళ్ళు తలో చెయ్యీ వేసి పెంచారనీ, ఇవాళ ప్రపంచంలోని మొదటి ఐదు వందల సూపర్ కంప్యూటర్లూ దీనిమీదే నడుస్తున్నాయనీ, ఆయన జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల గుండెకాయ లాంటి కెర్నెల్ కూడా ఇదేననీ. అంతా శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఒక కుర్రాడు సరదాకి చేసినదానికి మీరందరూ జీతాలు తీసుకుని కాపలా కాస్తున్నారన్నమాట" అన్నాడు.

పదమూడేళ్ళ సర్వీసులో నా ఉద్యోగాన్ని ఇంత కచ్చితంగా ఎవరూ వర్ణించలేదు.

బయల్దేరేముందు కాగితం మీద రెండు కమాండ్లు రాసిచ్చాను. ప్రతి సోమవారం టెర్మినల్ తెరిచి ఇవి కొట్టు, అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి అన్నాను. ఆయన వాటిని తన పొడుగు పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. డిపోలో ప్రతి ర్యాకుకీ ఒక బిన్ కార్డు వేలాడేది; ఏది ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి. ఏదైనా కాగితం మీదికి ఎక్కితే తప్ప అది ఉన్నట్టు కాదు ఆయన లెక్కలో. కమాండ్లు కూడా తెలుగులోనే రాసుకున్నాడు: "సుడో (ఖాళీ) ఆప్ట్ (ఖాళీ) అప్‌డేట్." మధ్యలో ఖాళీ వదలాలని నేను ఒకటికి రెండుసార్లు చెప్పానని, ఆ ఖాళీని కూడా అక్షరాల్లో పెట్టాడు.

ఇక్కడ నా తప్పులు రెండున్నాయి, ఒప్పుకోవాలి. ఒకటి, సర్వర్ల అలవాటు కొద్దీ, మిషన్ని లేపే బూట్ ఫైళ్ళకి డిస్కులో విడిగా ఒక గది కట్టాను, అదీ 512 మెగాబైట్ల ఇరుకు గది. రెండు, రాసివ్వాల్సిన కమాండ్లు మూడైతే రెండే రాసిచ్చాను. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడు పాతది పోదు, పక్కనే ఉంటుంది. అది మంచిదే, కొత్తది మొరాయిస్తే పాతదాంతో నడిపించుకోవచ్చు. కానీ మరీ పాతవాటిని అప్పుడప్పుడూ ఊడ్చెయ్యాలి. ఆ ఊడ్చే కమాండే నేను మర్చిపోయింది.

నవంబరులో ఒకరోజు నాన్న ఫోన్ చేశాడు. "అప్‌గ్రేడ్ కొట్టాక, ఫలానావి ఇక అవసరం లేవు, కావాలంటే ఇలా తీసెయ్యొచ్చు అని ఏదో చెబుతోందిరా. తీసెయ్యనా?"

మీటింగులో ఉన్నాను. "అది పట్టించుకోకు నాన్నా" అన్నాను.

మామూలుగా మా ఫోన్లు రెండు నిమిషాలు దాటవు. తిన్నావా, తిన్నాను, వానలున్నాయా, లేవు, సరే ఉంటా. ఆరోజు అది కూడా కాలేదు.

డిసెంబరు 7, ఆదివారం, పొద్దున తొమ్మిది. "అబ్బాయ్, కంప్యూటర్ చచ్చిపోయిందిరా."

"తెర మీద ఏముంది?"

"నల్లగా ఉంది. తెల్లక్షరాలు చాలా ఉన్నాయి."

"చాలా అంటే నాకేం తెలుస్తుంది నాన్నా? అక్షరం పొల్లుపోకుండా చదువు."

ఇది నేను మా జూనియర్ల మీద వాడే మాట. గొంతు కూడా అదే అయుంటుంది. ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. "కెర్నెల్ పానిక్... నాట్ సింకింగ్... వీఎఫ్ఎస్... అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్... సున్నా కామా సున్నా." ఆగి, "పానిక్ అంటే కంగారేగా? దీనికెందుకురా కంగారు?" అన్నాడు.

"నిన్న అప్‌గ్రేడ్ చేశావా?"

"సోమవారం రైతు బజారుకి వెళ్ళి కుదర్లేదు. నిన్న చేశా. చివర్లో ఏదో ఎర్రరన్నది. రాసుకున్నాను, ఉండు... నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్."

నాకు బొమ్మ మొత్తం కనిపించింది. ఇరుకు గదిలో మూడు కెర్నెళ్ళు అప్పటికే కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. నాలుగోది తోసుకుని లోపలికి వచ్చింది గానీ దాని సామాను పట్టలేదు. ఆ సామాను పేరు ఇనిట్ రామ్ ఎఫ్ఎస్ అని చెప్పాను.

"ఇందులో రాముడెందుకున్నాడురా?"

"రాముడు కాదు నాన్నా, ర్యామ్. డిస్కుని చదవడానికి కావలసిన పరికరాలన్నీ డిస్కులోనే ఉంటాయి. వాటిని ముందే ఒక చిన్న మూటలో కట్టి కెర్నెల్ చేతికివ్వాలి. ఆ మూట తయారవలేదు."

"స్టోర్స్ తాళంచెవి స్టోర్స్ లోపలే పెట్టి తలుపేసుకున్నట్టు."

నేను కాలేజీలో ఆరు నెలలు చదివింది ఆయన ఒక్క వాక్యంలో తేల్చాడు. అప్పుడు ఆశ్చర్యపోవాల్సింది. పోలేదు. రెండో ఫోన్ మోగుతోంది, ఆఫీసుది. ఆన్ చేయగానే ఎస్కేప్ ఒక్కసారే నొక్కు, ఎక్కువసార్లు నొక్కితే గ్రబ్ అనే మాట పక్కన ఖాళీ గీత వచ్చి కూర్చుంటుంది, మెనూ వస్తే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి కిందున్న పాతదాన్ని ఎంచుకో అని గబగబా చెప్పాను. రెండుసార్లు తప్పి మూడోసారికి లేచింది.

"పాతది పనిచేస్తోందిరా!"

"ప్రస్తుతానికి దాంతో నడిపించు. కాస్త చోటు చెయ్యాలి. వచ్చే ఆదివారం తీరిగ్గా చూద్దాం."

"ర్యాకులో జాగా చూసుకోకుండా ఇండెంటు పెట్టేవాణ్ణి మా డిపోలో మెమో ఇచ్చి నిలబెట్టేవాళ్ళు" అంటున్నాడు. నవ్వి పెట్టేశాను.

మరుసటి ఆదివారం తొమ్మిదికి ఠంచనుగా ఫోన్. "మళ్ళీ పానిక్ వచ్చిందిరా." ఊడ్చే కమాండ్ చెప్పాను. కొట్టానన్నాడు. "నో స్పేస్ లెఫ్ట్ అంటోంది." మళ్ళీ ఆన్ చేయమన్నాను. "తిరుగుతోందిరా ఇంకా" అన్నాడు. అది లేచేలోపు ఊరుకోవడం ఎందుకని ఏదో ఒకటి చెబుతుండేవాడు. ఎదురింటి వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందని, మోకాలికి ఏదో తైలం రాస్తున్నాడని, అమ్మ పెట్టిన సన్నజాజి తీగ గోడ దాటి పక్కింట్లోకి పోయి అక్కడ పూస్తోందని. "లేచిందా నాన్నా?" "ఇంకా లేదు. గుండ్రంగా తిరుగుతోంది."

21న కూడా అంతే. 28న కూడా. నాకు పట్టుదల పెరిగింది. వేల సర్వర్లు చూసేవాణ్ణి, ఒక్క పెట్టెలో వంద మెగాబైట్లు ఖాళీ చేయించలేనా? డిస్కు ఎంత నిండిందో చూపించే కమాండ్ చెప్పాను. "వందకి వంద" అన్నాడు. ఒక్కో కెర్నెల్‌నీ పేరు పెట్టి తీసేసే పద్ధతి చెప్పాను. ఆ పేర్లలో అంకెలూ చుక్కలూ అడ్డగీతలూ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కో అక్షరం చెప్పడం, ఆయన తిరిగి చదవడం. చదవడంలో ఇప్పుడు తడబాటు లేదు. ఎర్రర్లు గడగడా అప్పజెబుతున్నాడు. పర్లేదే, నాన్న అలవాటుపడ్డాడనుకున్నాను.

ఆ ఎదురుచూపుల్లోనే 1990 మే తుఫాను సంగతి విన్నాను. డిపో స్టోర్స్‌లోకి మోకాలిలోతు నీళ్ళొచ్చాయట. రాత్రంతా పై ర్యాకు మీద గేర్ ఆయిల్ డబ్బాల మధ్య పడుకుని, బిన్ కార్డులన్నీ చొక్కాలో దోపుకున్నాడట. తెల్లారి అమ్మ నన్ను చంకనేసుకుని నీళ్ళలో నడిచి డిపో గేటు దాకా వచ్చి, ఈయన దిగొస్తుంటే చొక్కా లావుగా ఉండటం చూసి దెబ్బ తగిలి కట్టుకట్టారనుకుని ఏడ్చేసిందట. ముప్ఫై ఆరేళ్ళొచ్చాయి నాకు, ఈ కథ ఎప్పుడూ వినలేదు. "ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అంటే, "ఎప్పుడు చెప్పను?" అన్నాడు. అప్పుడే "ఆఁ, లేచిందిరా" అన్నాడు గనక నేను మళ్ళీ కమాండ్లలో పడిపోయాను.

జనవరి 4న కూడా తొమ్మిదికి మోగింది. ఈసారి విసుక్కున్నాను. "నాన్నా, ఇక దాన్ని ముట్టుకోకు. సంక్రాంతికి వస్తాగా, మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కిస్తాను."

"ఎందుకురా అంత పని?"

"ప్రతి ఆదివారం గంటసేపు ఈ తలనొప్పి ఎవరికి కావాలి?"

అవతల నుంచి "అదీ నిజమేలే" అని వినిపించింది.

సంక్రాంతికి వెళ్ళిన సాయంత్రమే పెన్ డ్రైవ్ తీసి కూర్చున్నాను. నాన్న వెనక నిలబడ్డాడు. "ముందొకసారి ఆన్ చేసి చూడరాదూ? ఇప్పుడు బానే ఉందేమో."

"దాని మాట నమ్మకూడదు నాన్నా. పాడైన గోడకి సున్నం కొడితే లాభం లేదు, పడగొట్టి కట్టాల్సిందే."

పొడుగు పుస్తకం టేబుల్ మీదే ఉంది. ఊరికే తిప్పాను. పానిక్ మొత్తం తెలుగులో, చుక్కలూ కామాలతో సహా, ఒక పేజీ నిండా. దాని అడుగున ఎర్ర సిరాతో ఒక గీత, "క్లోజ్డ్" అనే మాట, పొట్టి సంతకం, తేదీ. పాత స్టోర్స్ అలవాటు, ప్రతి పేజీకీ ఏదో ఒకటి రాస్తాడు. తేదీ చూడలేదు. "ఇటివ్వు, కాఫీ పడుతుంది" అని ఆయనే పుస్తకం తీసుకెళ్ళి లోపల పెట్టాడు.

పెన్ డ్రైవ్ మీద మిషన్ లేపి, ఆయన ఫైళ్ళన్నీ ఒక పక్కకి తీశాను. లాగ్ ఫైళ్ళు కూడా తీసి నా ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. సిస్టమ్ తన రోజువారీ పనులు తానే తేదీలూ గంటలూ వేసి రాసుకునే పద్దు అది. ఏది చెరిపినా ముందు లాగ్‌లు దాచడం మా వృత్తిలో పళ్ళు తోముకోవడం లాంటిది. తర్వాత డిస్కు శుభ్రంగా తుడిచి, బూట్‌కి విడి గది లేకుండా మొత్తం ఒకే హాలుగా ఎక్కించాను. అప్‌డేట్లు వాటంతటవే వచ్చేలా, పాత కెర్నెళ్ళు వాటంతటవే పోయేలా పెట్టాను. అదీ చాలదని, హైదరాబాదు నుంచి నేనే లోపలికి వచ్చి సరిచేసుకునేలా దారి కూడా వేశాను. రెండు గంటల పని. చేతులు దులుపుకుని లేచాను.

"అయిపోయింది నాన్నా. ఇక జన్మలో ఎర్రర్ రాదు. నువ్వు ఆ కమాండ్లు కూడా కొట్టక్కర్లేదు. నాకు ఫోన్ చెయ్యాల్సిన పనే ఉండదు."

"పనే ఉండదా" అన్నాడు. మౌస్ అటూ ఇటూ కదిపి చూశాడు. "మంచిదేగా."

కనుమ మర్నాడు తెనాలిలో రైలెక్కాను. కిటికీ పక్క సీటు, చేతిలో ల్యాప్‌టాప్, చెయ్యడానికేమీ లేదు. ఆ మొండి బూట్ గది ఎందుకు ఖాళీ కాలేదో తేలకుండానే చెరిపేశానన్న దురద మిగిలి ఉంది. లాగ్‌లు తెరిచాను.

ఆప్ట్ తను ఎక్కించిన, తీసేసిన ప్రతిదాన్నీ రాసిపెడుతుంది: ఎప్పుడు మొదలైంది, ఏ కమాండ్, ఎవరు అడిగారు, ఏమేం పోయాయి. డిసెంబరు 6న అప్‌గ్రేడ్, ఎర్రర్. సరే, అది తెలిసిందే. దాని కిందది డిసెంబరు 9, మంగళవారం, తెల్లవారుజామున 4:52. కమాండ్: ఆప్ట్, ఆటోరిమూవ్. నవంబరులో నేను పట్టించుకోవద్దన్న సందేశంలో ఉండేది ఆ మాటే. పాత కెర్నెల్ తాలూకు ప్యాకేజీలు ఒక్కొక్కటే పోయినట్టు వరసగా ఉంది. 4:55కి ఆగిపోయిన పని పూర్తి చేయించే కమాండ్. అది నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఎర్రర్ లేదు. సిస్టమ్ లాగ్‌లో 4:58కి మిషన్ రీస్టార్ట్. కొత్త కెర్నెల్‌తో లేచింది.

తప్పు చూశాననుకుని మళ్ళీ పైనుంచి చదివాను. సుడోతో కొట్టిన కమాండ్లు నమోదయ్యే లాగ్‌లో, ఆ తర్వాత ప్రతి సోమవారమూ పొద్దున్నే మూడు కమాండ్లు. నేను రాసిచ్చినవి రెండు, నేను మర్చిపోయింది ఒకటి. ఎక్కడా పానిక్ లేదు. ఎక్కడా చోటు లేదన్న మాట లేదు.

మిషన్ ఎప్పుడెప్పుడు లేచిందో చెప్పే పట్టిక ఇంకోటుంటుంది. అది తీశాను. డిసెంబరు 13 శనివారం సాయంత్రం ఆన్, రాత్రి ఆఫ్. తర్వాతది 15 సోమవారం పొద్దున. మధ్యలో 14 ఆదివారం లేదు. 21 లేదు. 28 లేదు. జనవరి 4 లేదు.

నలభై నిమిషాలు, గంట, ఎస్కేప్ నొక్కు, ఒక్కసారే నొక్కు, తిరుగుతోందిరా, ఇంకా లేవలేదురా. ఇరవై సెకన్లలో లేచే మిషన్. ఆ నాలుగు ఆదివారాలూ దాన్ని అసలు ఆన్ చెయ్యలేదు.

గుంటూరు దాటింది, నడికుడి దాటింది. లాగ్ మూసి మళ్ళీ తెరిచాను. తేదీలు మారలేదు.

ఆ ఆదివారం పొద్దున ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదయింది. తొమ్మిదింపావయింది. పక్క వీధిలో కూరగాయల బండి అరుపు. తొమ్మిదిన్నరకి ఆఫీసు ఫోన్ మోగితే ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. పది కావస్తుండగా నేనే నంబర్ నొక్కాను.

సగం రింగుకే ఎత్తాడు. "హలో" అనలేదు.

"ఏమైందిరా?"

"ఏం లేదు నాన్నా. ఊరికే చేశాను."

"ఊరికేనా?"

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"కంగారుపడకు. పుస్తకం తీశాను. తెర మీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా చదువు."